అప్‌డేట్: అమ్మకు రొమ్ము క్యాన్సర్, మాకూ వస్తుందా? జీన్ టెస్ట్ రిపోర్టు వచ్చింది

అమ్మకు 41 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది, అక్కకీ నాకూ ముప్పు ఉందా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ‘ముందు అమ్మకే జీన్ టెస్ట్ చేయించండి’ అన్న సలహా పనికొచ్చింది. గుంటూరులో అమ్మను చూస్తున్న డాక్టర్ గారూ అదే చెప్పారు.

అమ్మకు బీఆర్‌సీఏ1 అనే జీన్‌లో మ్యుటేషన్ (హానికరమైన మార్పు) బయటపడింది. తెగిన డీఎన్ఏను బాగుచేయడంలో ఈ జీన్‌ది ముఖ్యమైన పాత్ర. ఈ జీన్‌కు ఉండే రెండు కాపీల్లో పుట్టుకతోనే ఒకటి పాడై ఉండి, ఏదైనా కణంలో రెండోదీ పాడైతే, ఆ కణం విభజన జరిగిన ప్రతిసారీ తప్పులు పేరుకుంటూ క్యాన్సర్ దాకా వెళ్లొచ్చు. ఈ మ్యుటేషన్ అమ్మ నుంచి ఒక్కో బిడ్డకు వచ్చే అవకాశం 50 శాతం. అక్కకు వచ్చింది, నాకు రాలేదు. అక్కకు ఉన్నది రిస్క్ మాత్రమే, క్యాన్సర్ కాదు. ఏటా ఎమ్మారై తీయించమన్నారు.

మైక్రోవేవ్ ఓవెన్ వాడటం వల్లే అమ్మకు క్యాన్సర్ వచ్చిందేమో అని టెన్షన్ పడ్డాం కానీ, దానికీ దీనికీ సంబంధమే లేదు. మగపిల్లలకూ ఈ మ్యుటేషన్ రావచ్చు, అందుకే తమ్ముడూ శాంపిల్ ఇచ్చాడు.