పెద్ద కంపెనీని ముక్కలు చేస్తే లాభం ఎవరికి?

అరండల్‌పేట వాసి:
నా దగ్గర పాత ఐటీసీ షేర్లున్నాయి. 2025 జనవరిలో హోటళ్ళను వేరు కంపెనీ చేసి, పది ఐటీసీ షేర్లకు ఒక ఐటీసీ హోటల్స్ షేరు డీమ్యాట్‌లో (షేర్లు ఉండే ఖాతాలో) వేశారు. అదే ఏడాది అక్టోబరులో టాటా మోటార్స్‌లో లారీలు ఒక కంపెనీ, కార్లు ఒక కంపెనీ అయ్యాయి. అమెరికాలో జీఈ (జనరల్ ఎలక్ట్రిక్) అయితే మూడు కంపెనీలయింది. ఒకప్పుడు ఎన్ని వ్యాపారాలుంటే అంత భద్రత అన్నారు. ఇప్పుడేమో ఒక్క పని మీదే ఉండాలంటున్నారు. అసలు కారణమేంటి? చిన్న షేర్‌హోల్డరుకు ఒరిగేదేమైనా ఉందా, లేక ఇదంతా బ్యాంకర్ల ఫీజుల కోసమేనా?

పటమట ఇన్వెస్టర్:
సార్, మీ ఊరి లెక్కే తీసుకుందాం. గుంటూరులో ఐటీసీకి పొగాకు ఆకు వ్యాపారం ఉంది, మిర్చి కొంటుంది, వెల్‌కమ్‌హోటల్ ఉంది. ఈ మూడింటికీ పేరు తప్ప ఉమ్మడిగా ఏముంది? సిగరెట్‌కు కొత్త పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు, డబ్బు మాత్రం ధారగా వస్తుంది. హోటల్ దానికి పూర్తిగా రివర్స్. స్థలం కొనాలి, కట్టాలి, గదులు నిండేదాకా ఏళ్ళు ఆగాలి. సిగరెట్ లాభాలన్నీ హోటల్ గోడల్లోకి పోతున్నాయని ఇన్వెస్టర్లు చాలాకాలంగా సణుగుతూనే ఉన్నారు. ఇంకో సంగతి కూడా ఉంది. పొగాకు కంపెనీల్లో పెట్టకూడదని నియమం ఉన్న విదేశీ ఫండ్లు చాలా ఉన్నాయి. వాళ్ళు ఐటీసీని ముట్టుకోరు కానీ హోటల్ షేరు హాయిగా కొనొచ్చు.

1995లో బెర్గర్, ఒఫెక్ అనే పరిశోధకులు అమెరికా కంపెనీల మీద ఈ లెక్క తీశారు. రకరకాల వ్యాపారాలను ఒకే గొడుగు కింద నడిపే కంపెనీ విలువ, అవి విడివిడిగా ఉంటే పలికే విలువ కన్నా సగటున 13 నుంచి 15 శాతం తక్కువని తేలింది. దీన్నే కాంగ్లోమరేట్ డిస్కౌంట్ అంటారు. ముక్కలు చేస్తే ఆ డిస్కౌంట్ పోతుంది, అంతే.

బెంజ్ సర్కిల్ బుల్:
అన్నదమ్ముల పంపకాలే కదా బ్రో, దీనికింత చర్చా?

బ్రాడీపేట సీఏ:
కాదండీ. పంపకాల్లో పొలం వేరైనప్పుడు యజమాని కూడా మారతాడు. 2005లో ముకేశ్, అనిల్ అంబానీల మధ్య జరిగింది అది. డీమెర్జర్‌లో, అంటే కంపెనీని ఇలా ముక్కలు చేయడంలో, యజమానులు మారరు. నిన్న ఒక కాగితం మీద ఉన్న వాటా ఈరోజు రెండు కాగితాల మీద ఉంటుంది. పోనీ ఐటీసీలో పూర్తిగా విడిపోయారా అంటే అదీ లేదు. హోటల్ కంపెనీలో దాదాపు 40 శాతం ఐటీసీ తన దగ్గరే ఉంచుకుంది, మనకు నేరుగా వచ్చింది మిగతా 60 శాతమే.

పనిలో పనిగా ఒక మాట. కొత్త షేరు ఊరికే వచ్చింది కదా, కొన్న ధర సున్నా అని చాలామంది అనుకుంటున్నారు. మీరు ఐటీసీకి పెట్టిన ఖర్చులో 86.49 శాతం ఐటీసీకి, 13.51 శాతం హోటల్స్‌కు విడగొట్టుకోవాలి. అమ్మినప్పుడు పన్ను లెక్క దాన్నిబట్టే ఉంటుంది. పదికి తక్కువ షేర్లున్నవాళ్ళకు షేరు రాదు, ఆ ముక్కలన్నీ కలిపి అమ్మి డబ్బు వేస్తారు.

ఇక ఇన్వెస్టర్ గారు చెప్పిన 13–15 శాతం. 2002లో కాంపా, కేడియా అనే ఇద్దరు మళ్ళీ లెక్కేసి చూస్తే, అలాంటి కంపెనీల్లో చాలావాటి విలువ కొత్త వ్యాపారాల్లోకి దిగకముందే తక్కువగా ఉంది. మరి జబ్బు ముందా, మందు ముందా?

మిర్చి యార్డు మనిషి:
ఇన్వెస్టర్ గారూ, గుంటూరు లెక్క అన్నారు కాబట్టి నేనూ చెప్తా. రైతుల దగ్గర నేరుగా పంట కొనడానికి ఐటీసీ ఈ-చౌపాల్ పెట్టింది 2000లో, ఆశీర్వాద్ పిండి తెచ్చింది 2002లో. వాటి తొలి ఏళ్ళ ఖర్చు మోసిందెవరు? సిగరెట్టే కదా. "మాకు పొగాకు చాలు, మిగతా డబ్బు డివిడెండ్‌గా పంచండి" అని ఆరోజే షేర్‌హోల్డర్లు పట్టుబట్టి ఉంటే 2022లో యడ్లపాడు మండలంలో మసాలా ప్లాంటు వచ్చేదా? ఏ బ్యాంకు అన్నేళ్ళు ఆగుతుంది? ఎదిగాక వేరు చేసి విలువ బయటికి తీశాం అనడం సులువేనండీ. ఆ విలువ పుట్టిందే గొడుగు కింద. 1997లోనే ఖన్నా, పాలెపు అనే హార్వర్డ్ ప్రొఫెసర్లు ఇదే అన్నారు. అప్పు పుట్టడం, మంచి మేనేజర్లు దొరకడం, కోర్టులో ఒప్పందం నిలబడటం కష్టమైన దేశాల్లో ఆ పనులన్నీ గ్రూపే చేసిపెడుతుంది, అక్కడ అమెరికా సూత్రం నడవదని.

పటమట ఇన్వెస్టర్:
1997 ఇండియా వేరు, ఇప్పటి ఇండియా వేరు. ఇప్పుడు హోటల్ కంపెనీకి మార్కెట్లో డబ్బు పుట్టదా?

ఆటోనగర్ బాడీబిల్డర్:
(జిమ్ కాదు, లారీ బాడీలు.) టాటా సంగతి నేను చెప్తా. 2025 సెప్టెంబరులో సైబర్ దాడి జరిగి ఇంగ్లండ్‌లో టాటా వాళ్ళ జాగ్వార్ ల్యాండ్ రోవర్ కార్ల ఫ్యాక్టరీలు వారాల తరబడి ఆగిపోయాయి. ఆ దెబ్బ ఇప్పుడు కార్ల కంపెనీ షేరుకే తగులుతుంది. లారీ కంపెనీ వాటాదారుడికి సంబంధం లేదు. అసలు లారీ అమ్మకాలు పెరిగేది రోడ్ల పనులు, సిమెంటు, ఇసుక, వడ్డీ రేట్లను బట్టి. లండన్‌లో ఎవరు ఏ కారు కొన్నారన్నది మాకెందుకు?

కానీ యార్డు ఆయన మాటలోనూ నిజముంది. 2008లో ఫోర్డ్ దగ్గర జాగ్వార్‌ను 2.3 బిలియన్ డాలర్లకు కొన్నది ఇక్కడి లారీల బలం చూసుకునే. తర్వాత ఇక్కడ వ్యాపారం చతికిలపడిన ఏళ్ళలో జాగ్వారే కాసింది. ఇంకో తమాషా ఏంటంటే, విడిపోకముందే లారీల వైపు వాళ్ళు యూరప్‌లో ఇవెకో అనే లారీల కంపెనీని 3.8 బిలియన్ యూరోలకు కొంటామని ప్రకటించేశారు. ఒక్క పని మీదే ఉంటాం అంటూనే మళ్ళీ పెద్దవాళ్ళవుతున్నారు.

రిటైర్డ్ కరెంటోడు, ఇబ్రహీంపట్నం:
ఇది ప్రైవేటు కంపెనీల ముచ్చటే కానీ, మా బోర్డు కథ కూడా వినండి. 1999లో విద్యుత్ బోర్డును కరెంటు తయారుచేసే జెన్‌కో, పెద్ద లైన్లలో పంపే ట్రాన్స్‌కోగా విడగొట్టారు, ఏడాది తర్వాత ఇళ్ళకు పంచే డిస్కంలు వచ్చాయి. ఇప్పుడు విజయవాడలో ఉన్న సీపీడీసీఎల్ అనే డిస్కం అయితే 2020లో మొదలైంది. ఒకే బోర్డుగా ఉన్నప్పుడు నష్టం ఎక్కడుందో ఎవరికీ తెలిసేది కాదు. విడగొట్టాక డిస్కంలలో ఉందని కాగితం మీద తేలింది. తేలినంతమాత్రాన పోలేదు. ఇదివరకు లోపల సర్దుకునే లెక్క ఇప్పుడు జెన్‌కోకు కట్టాల్సిన బాకీగా మారింది. అయినా విడగొట్టడమే మంచిదైందని నా ఉద్దేశం. జబ్బు ఏ ఒంట్లో ఉందో తెలిసింది కదా.

బెంజ్ సర్కిల్ బుల్:
జీఈ చూడండి బ్రో. విడిపోయాక విమాన ఇంజిన్ల షేరు రాకెట్!

మిర్చి యార్డు మనిషి:
రాకెట్ ఎగరకముందు జరిగింది కూడా చూడు తమ్ముడూ. పాత బాస్ జాక్ వెల్చ్ కాలంలో జీఈ సగం ఫైనాన్స్ కంపెనీలా నడిచింది. 2008లో ఆ ఫైనాన్సే ముంచింది. 2018లో అమెరికా పెద్ద కంపెనీల డౌ జోన్స్ షేర్ల సూచీ నుంచే తీసేశారు. తర్వాత లారీ కల్ప్ అనే ఆయన బాస్‌గా వచ్చి, అమ్మగలిగినవి అమ్మి 75 బిలియన్ డాలర్లకు పైగా అప్పు తగ్గించాకే 2021 నవంబరులో విడిపోతామని ప్రకటించాడు. హెల్త్‌కేర్ 2023లో, కరెంటు వ్యాపారం వెర్నోవా 2024లో వేరయ్యాయి. కోలుకుంది అప్పు తీర్చడం వల్లా, ముక్కలవడం వల్లా? అదే నవంబరులో జపాన్ కంపెనీ తోషిబా కూడా మూడు ముక్కలవుతాం అంది. తర్వాత కాదు రెండే అంది. 2022 మార్చిలో షేర్‌హోల్డర్లే వద్దన్నారు. లోపల ఇల్లు చక్కబెట్టకుండా గోడ కడతామంటే నమ్మేదెవరు?

బ్రాడీపేట సీఏ:
ఇక్కడ గనులు, లోహాల కంపెనీ వేదాంత కూడా గుర్తుకొస్తోంది. అక్కడ చర్చంతా అప్పు ఏ ముక్కకు ఎంత పోతుందన్నదే. 2023 సెప్టెంబరులో ప్రకటించిన పని కంపెనీ లా ట్రిబ్యునల్ ఒప్పుకునేసరికి 2025 డిసెంబరు అయింది. అరండల్‌పేట గారు అడిగిన ఫీజుల సంగతి అక్కడ బాగా వర్తిస్తుంది. లాయర్లకు, విలువ కట్టే వాల్యూయర్లకు రెండేళ్ళ పని.

అరండల్‌పేట వాసి:
అయితే ఐటీసీలో ఫుడ్స్ కూడా వేరు చేయాలని అడిగేవాళ్ళున్నారు కదా. అది జరుగుతుందంటారా?

పటమట ఇన్వెస్టర్:
అది కష్టం. పంటలు కొనే అగ్రి విభాగం ఒకవైపు సిగరెట్‌కు ఆకు కొంటుంది, ఇంకోవైపు ఆశీర్వాద్‌కు గోధుమలు కొంటుంది. దాన్ని ఎటు వేసినా రెండోవాళ్ళు ఇదివరకు లోపల తెచ్చుకున్న సరుకుకు బయటి ధర కట్టాలి. హోటల్‌కు అలాంటి ముడి లేదు, తెంచినా ఎవరికీ నొప్పి లేదు. అందుకే ముందు అదే పోయింది.

మిర్చి యార్డు మనిషి:
బయటి ధర అంటే మా యార్డు ధరే. కొనేవాడు ఒకడికి ఇద్దరైతే టిక్కీకి (మిర్చి బస్తాకు) నాలుగు రూపాయలు ఎక్కువే పాడతారు. ఇంతసేపు వద్దని వాదించాను కానీ, ఆ ఒక్క విభాగాన్ని మాత్రం ముక్కలు చేయమనండి, ఓటు వేస్తా.