‘రోగనిరోధక శక్తి’లో ఆ ‘శక్తి’ ఎందుకు?

బడి పిల్లల కోసం ఫ్లూ గురించి రెండు పేజీలు రాస్తూ ‘ఇన్నేట్ ఇమ్యూనిటీ’, అంటే పుట్టుకతోనే ఒంట్లో ఉండే రక్షణ, దానికి తెలుగు మాట దగ్గర ఆగిపోయాను. పాఠ్యపుస్తకం మాట ‘స్వాభావిక అసంక్రామ్యత’. తొమ్మిదో తరగతి అమ్మాయి చేత చదివిస్తే రెండుసార్లు తడబడి, “అంటే ఏంటి సార్?” అంది. పత్రికలు ‘సహజ రోగనిరోధక శక్తి’ అంటున్నాయి. పలకడానికి తేలికే, కానీ ఆ ‘శక్తి’ నాకు మింగుడుపడటం లేదు.

శక్తి అనగానే ఎంత ఉంటే అంత మంచిదనీ, కషాయం తాగితే పెరుగుతుందనీ అనుకుంటాం. ఊపిరితిత్తుల్లో జరిగేది వేరు. శ్వాసనాళాల గోడలకు జిగురు పూత ఉంటుంది. ఫ్లూ వైరస్ కణంలోకి దూరాలంటే ఆ కణం మీదుండే సియాలిక్ ఆమ్లం అనే చక్కెర పదార్థాన్ని పట్టుకోవాలి. అదే ఆమ్లం జిగురులోనూ ఉండటంతో కొన్ని వైరస్‌లు అక్కడే అంటుకుపోతాయి. నూగులాంటి సీలియా ఆ జిగురును గొంతు వైపు తోసేస్తాయి. కళ్లె అనండి, తెమడ అనండి, మనం ఊసేది అదే.

వైరస్ దగ్గర ఆ పట్టును కత్తిరించుకునే ఎంజైమ్ ఉంది. అలా తప్పించుకుని ఒక కణంలో దూరితే, ఆ కణం ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌ను వదులుతుంది. అది ఇరుగుపొరుగుకు పెట్టే కేక. విన్న కణాలు తమలో వైరస్ పెరగకుండా తలుపులు బిగించుకుంటాయి. ఊపిరితిత్తుల చివరుండే గాలిగూళ్లలో మాక్రోఫేజ్‌లనే కాపలా కణాలు వైరస్‌నూ చచ్చిన కణాలనూ మింగుతాయి. ఇదంతా గంటల్లో మొదలవుతుంది. కొత్త వైరస్‌కు యాంటీబాడీలు తయారవడానికి వారం అటూఇటూ పడుతుంది.

మనకొచ్చే జ్వరం, ఒళ్లునొప్పులు చాలావరకు ఈ కాపలా హడావుడే. కాలేయ జబ్బు హెపటైటిస్-సికి ఇంటర్‌ఫెరాన్ సూదులు వేసే రోజుల్లో, ఫ్లూ లేకుండానే రోగులకు అచ్చం ఫ్లూలాగే ఒళ్లు కాలేది. ఇదే హద్దు మీరితే గాలిగూళ్లలో నీరు చేరి ఊపిరాడదు. అలాంటిదాన్ని ‘పెంచుకోండి’ అని పిల్లలకు ఎలా చెప్పను? పుట్టుమచ్చ లాగా ‘పుట్టుకావలి’ అంటే ఎలా ఉంటుంది?

—

మాస్టారూ, ‘పుట్టు’ చాలా బాగా కుదిరింది. ‘కావలి’ అంటే మాత్రం ఒక మనిషి కర్ర పట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. మీరు చెప్పినదాంట్లో జిగురూ ఉంది, కేకా ఉంది, మింగడమూ ఉంది. ‘కాపు’ అందామంటే మామిడి కాపు గుర్తొస్తుంది. ‘కాపుదల’ అయితే అన్నీ ఇముడుతాయి.

ఇంటర్‌ఫెరాన్‌ను మాత్రం తెలుగు చేయకండి. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మాన్ అనే శాస్త్రవేత్తలు దాన్ని కనుక్కున్నది ఫ్లూ వైరస్‌తోనే. వేడికి చచ్చిన వైరస్‌ను కోడిగుడ్డు పొర మీద వేస్తే, తర్వాత వేసిన వైరస్ పెరగలేదు. ఇంగ్లీషులో ‘ఇంటర్‌ఫియర్’ అంటే అడ్డుపడటం; అలా అడ్డుపడేది కాబట్టి ఆ పేరు పెట్టారు. ఆ కథ చెప్తే పిల్లలకు పేరు దానంతటదే గుర్తుంటుంది.

—

‘పుట్టు కాపుదల’. ఇవాళ అదే అమ్మాయికి ఇచ్చాను, ఎక్కడా ఆగకుండా చదివేసింది. కోడిగుడ్డు కథ కూడా రెండో పేజీలో చేరుస్తున్నాను.