ఓటు కోసం అద్దాలు పగలగొట్టిన మహిళలు: ఆ దూకుడు మేలు చేసిందా, కీడు చేసిందా?

ప్రశ్న (బరంపురం, అధ్యాపకురాలు)

సభ్యులందరికీ నమస్కారం. మా ఊళ్ళో తెలుగు విద్యార్థినుల వక్తృత్వ పోటీకి ఈసారి బ్రిటన్ మహిళల ఓటుహక్కు పోరాటాన్ని అంశంగా ఇచ్చారు. ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ 1903లో మాంచెస్టర్‌లో స్థాపించిన సంఘం మొదట సభల్లో మంత్రులను నిలదీయడంతో సరిపెట్టుకున్నా, తరువాత దుకాణాల అద్దాలు పగలగొట్టడం, తపాలా పెట్టెల్లో ఉత్తరాలు తగలబెట్టడం, 1913 ఫిబ్రవరిలో అప్పటి ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జ్ కోసం కడుతున్న ఇంట్లో బాంబు పేల్చడం వరకూ వెళ్ళింది. సత్యాగ్రహం కథలు వింటూ పెరిగిన మా పిల్లలు దీన్ని సమర్థించాలో ఖండించాలో తేల్చుకోలేకపోతున్నారు. ఈ పద్ధతుల వల్ల ఓటు త్వరగా వచ్చిందా, ఆలస్యమైందా?

జవాబు 1 (పర్లాకిమిడి)

ఆలస్యమైందనే నేను నమ్ముతున్నాను, అమ్మా. కొందరు మహిళలకు ఓటు ఇచ్చే బిల్లుకు 1911లో పార్లమెంటు దిగువ సభలో 167 ఓట్ల ఆధిక్యం లభించింది. 1912 మార్చి మొదట్లో లండన్ నడిబొడ్డున సుత్తులతో అద్దాలు పగలగొట్టారు. అదే నెలాఖరులో అలాంటి బిల్లే 14 ఓట్ల తేడాతో వీగిపోయింది. మిలిసెంట్ ఫాసెట్ నాయకత్వంలో ఏళ్ళ తరబడి సభ్యులను ఒక్కొక్కరినే ఒప్పిస్తూ వచ్చిన శాంతియుత సంఘాల శ్రమ ఆ అద్దాలతోపాటే చెదిరిందని చెప్పక తప్పదు.

జవాబు 2 (రాయగడ)

పై మిత్రులు చెప్పిన అంకెలు సరైనవే, కానీ కారణం అదొక్కటే కాదు. తమ స్వపరిపాలన బిల్లుకు అడ్డు రాకూడదని ఐర్లాండ్ సభ్యులు చాలామంది ఆ రోజు వ్యతిరేకంగా ఓటు వేశారు. అయినా ఇతరుల ఇళ్ళకు నిప్పు పెట్టడాన్నీ, జైల్లో తమ ఒంటిని పణంగా పెట్టిన నిరాహారదీక్షనూ ఒకే గాటన కట్టకూడదని మీ విద్యార్థినులకు తప్పక చెప్పండి. ఈ పోరాటంలో చేరిన కాన్‌స్టన్స్ లిటన్ ఒకప్పటి మన వైస్రాయి కుమార్తె. సొంత పేరుతో జైలుకు వెళ్ళినప్పుడు గుండె జబ్బు ఉందని వైద్యులు ఆమెను విడిచిపెట్టారు. 1910లో ఆమె జుట్టు కత్తిరించుకుని, చవక దుస్తులు వేసుకుని, జేన్ వార్టన్ అనే కుట్టుపనిమనిషిగా లివర్‌పూల్ జైలుకు వెళితే, గుండెను సరిగా పరీక్షించకుండానే ఉక్కు పరికరంతో నోరు తెరిపించి, గొంతులోకి గొట్టం దింపి బలవంతంగా ఆహారం పోశారు. ప్రభువు బిడ్డకు ఒక న్యాయం, పనిమనిషికి ఒక న్యాయమని లోకానికి నిరూపించిన ఆ చర్యను నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

జవాబు 3 (ఛత్రపురం)

మన జిల్లాకు సంబంధించిన విషయాన్ని కూడా పోటీలో ప్రస్తావించమని కోరుతున్నాను. 1913లో డబ్లిన్ కోట కిటికీలపై రాళ్ళు రువ్వి జైలుకెళ్ళిన ఐర్లాండ్ ఓటుహక్కు ఉద్యమకారిణి మార్గరెట్ కజిన్స్ 1915లో భారతదేశానికి వచ్చారు. 1917 డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వంలో మద్రాసులో బ్రిటన్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి అయిన మాంటేగును కలిసి ఓటు కోరిన మహిళా బృందాన్ని కూడగట్టింది ఆమే. ఇక్కడ ఆమె చేతిలో ఉన్నది విజ్ఞాపన పత్రం మాత్రమే. 1921లో మద్రాసు శాసనమండలి ఆస్తి అర్హత ఉన్న స్త్రీలకు ఓటు ఇచ్చింది. గంజాం అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉంది కనుక బరంపురం స్త్రీలకూ ఆ హక్కు వర్తించింది; బీహారు-ఒరిస్సా రాష్ట్రంలో ఉన్న కటకం స్త్రీలు మాత్రం 1929 వరకూ వేచి ఉండాల్సి వచ్చింది. బ్రిటన్‌లోనైనా 1918లో ఓటు దక్కింది 30 ఏళ్ళు నిండి, ఆస్తి అర్హత ఉన్నవారికే. పురుషులతో సమానంగా 21 ఏళ్ళకే ఓటు వచ్చింది 1928లో. కాబట్టి ఓటు ఎలా వచ్చిందన్న దానితోపాటు, ఎవరికి ముందు వచ్చిందో, ఎవరిని ఆపి ఉంచారో కూడా మీ పిల్లలు సభలో అడగాలి.