జీతం తీసుకోవడం వేరు, జీతం ఉండడం వేరు

మా పాప ఏడో క్లాసు. ప్రకృతి వికృతులు బట్టీ పెడుతూ "జీవితం – జీతం" దగ్గర ఆగింది, నాన్నా శాలరీకి లైఫ్‌కి ఏం సంబంధం అని. బతకడానికి ఇచ్చేదే కదా జీతం అని ఏదో చెప్పేసి పేజీ తిప్పించబోతుంటే పక్కన కూర్చున్న మా నాన్న "మీ ముత్తాత ఎనిమిదేండ్లకే జీతం ఉన్నడు బిడ్డా" అన్నడు. పాప వెంటనే "ఎంత శాలరీ?" మా నాన్న నవ్వి ఊరుకున్నడు. నల్గొండ వైపు వాళ్ళకి ఆ నవ్వు అర్థమవుతుంది.

అప్పటినుంచి ఈ మాట బుర్రలో తిరుగుతుంది, అందుకే ఇక్కడ పెడుతున్నా. మాట ఒకటే, క్రియ మారుతుంది గమనించారా. ఆఫీసులో పనిచేసేవాడు జీతం తీసుకుంటాడు, జీతం ఎత్తుతాడు. దొర దగ్గర పనిచేసేవాడు జీతం ఉంటాడు. పిల్లగాడైతే ఉండడం కూడా కాదు, వాణ్ణి జీతం పెడతరు. పెట్టేది తండ్రి, పెట్టించుకునేది ఆసామి, అప్పు ముందే ఇంట్లోకి వచ్చేసి ఉంటుంది, ఇంక పిల్లగాడి ఇష్టం ఎవడు అడుగుతాడు, ఎడ్ల వెనక పోవుడే.

చట్టానికి కూడా సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. 1929లో కార్మికుల మీద విట్లీ కమిషన్ వేశారు, 1931లో రిపోర్టు వచ్చింది. అమృత్‌సర్, అహ్మదాబాద్, మద్రాసు లాంటి ఎక్కడెక్కడి ఊళ్ళలోనో తల్లిదండ్రులకి అడ్వాన్సు ఇచ్చి పిల్లల పని రాయించుకుంటున్నారని అందులో తేలింది, తివాచీ పనికి, బీడీ పనికి. దాంతో 1933లో చట్టం తెచ్చారు. 15 ఏళ్ళు నిండని పిల్లల శ్రమని తాకట్టు పెట్టే ఒప్పందం చెల్లదు, పెట్టిన తల్లికో తండ్రికో 50 రూపాయల దాకా, పెట్టించుకున్నవాడికి 200 దాకా జరిమానా. తాకట్టు అనే మాట పుస్తెలకీ పొలానికీ విన్నాం గానీ పిల్లల చేతులకి కూడా వాడాల్సి వచ్చిందన్నమాట.

మరి మామూలు కూలికి పంపితే తాకట్టు అవుతుందా? నాకు బాగా నచ్చింది ఇక్కడే. పిల్లాడికి హాని లేకుండా, వాడి పనికి తగిన కూలి తప్ప ఇంకే లాభం చేతులు మారకుండా, వారం రోజులకి మించని నోటీసుతో మానేసే వీలుంటే అది తాకట్టు కాదు అన్నారు. అంటే మన రెండు జీతాల మధ్య గీత ఆ వారం నోటీసే. నేను రేపు రిజైన్ చెయ్యొచ్చు, మా తాత చెయ్యలేడు. పైగా ఆ చట్టం బ్రిటిష్ ఇండియాది, నైజాం ఇలాకాకి వర్తించదు. అక్కడ ఇదే పద్ధతికి భగేలా అని ఇంకో పేరు.

మీ వైపు ఏమంటారో చెప్పండి.

రిప్లై, గుంటూరు నుంచి: మాకు పాలేరండీ. పెద్ద పాలేరు, చిన్న పాలేరు అని ఉండేవాళ్ళు, ఉగాదికి మాట్లాడుకునేవాళ్ళు ఏడాదికి ఇన్ని బస్తాలు, రెండు జతల బట్టలు అని. కానీ ప్రతిదాన్నీ వెట్టి కింద కట్టెయ్యకండి, మా చిన్న పాలేరుని మా నాయనమ్మ ఇంట్లో మనిషిలాగే చూసింది.

నేను: కాదనట్లేదు అన్నా. మీ నాన్నగారు పొద్దున్నే బడికి పోయేటప్పుడు ఆ ఇంట్లో మనిషి ఎటు పోయేవాడు?

గుంటూరు: గొడ్ల సావిట్లోకి. సరే, ఒప్పుకున్నా.

ఇంకో రిప్లై: 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టం తీసి చూడండి. ఒప్పందం అంటే ఏంటో చెప్పేచోట దేశంలోని స్థానిక పేర్లు దాదాపు 30 వరసగా ఉంటాయి. జీతా ఉంది (కన్నడం వాళ్ళకీ అదే మాట), పాలేరు ఉంది, భగేలా ఉంది, వెట్టి ఉంది. కాగితం లేకపోయినా, ఈ పేర్లతో జరిగే పనికి వెనక అప్పు ఒప్పందం ఉందనే మామూలుగా అనుకోవాలట. మన మాటలు పార్లమెంటు చట్టంలోకి ఎక్కిన తీరు ఇది, గర్వపడాలో ఏడవాలో తెలీదు. పాలేరు తప్పించుకోలేదు గుంటూరు గారూ 🙂

రిప్లై: వెట్టికి ప్రకృతి విష్టి. పాపకి పరీక్షలో అదీ రావచ్చు.

రిప్లై, వికారాబాద్ నుంచి: మా తాన 1990ల్ల ఎం.వి. ఫౌండేషనోల్లు ఊరూరు తిరిగిండ్రు, శాంతా సిన్హా మేడమ్‌ది. జీతం ఉన్న పోరగాండ్లని మాన్పించి క్యాంపులల్ల చదువు చెప్పి బడ్ల ఏసిండ్రు. వాళ్ళది ఒకటే మాట, బడికి పోని ప్రతి పిల్ల, పిల్లగాడు బాలకార్మికులే అని. గట్ల అంటే ఇంట్ల చెల్లెను ఎత్తుకునే ఆడపిల్ల సుత లెక్కలకొస్తది. ఆమెకు జీతగత్తె అన్న పేరు గూడ లేదు, గా పనికి మన భాషల మాటే లేదు.

నేను: అన్నా ఇది నాకు తట్టనే లేదు. పేరున్న పనే చట్టం లిస్టుకి ఎక్కింది. మా నాయనమ్మ ఆరేళ్ళకే తమ్ముళ్ళని సాకింది, దాన్ని మా ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు, "పనిమంతురాలు" అని తప్ప.

రిప్లై, శ్రీకాకుళం నుంచి: మా కాడ కంబారి అంటాం. అప్పులోకి కంబారిగా కుదిరీడం. మరి ఆ 30లో మా మాట ఉందా?

నేను: మళ్ళీ ఒకసారి మొత్తం చూశా. లేదు.