వరద నీరు చేరిన నూతిలో బ్లీచింగ్ ఎంత కలపాలి?

చంపావతి ఒడ్డు, నెల్లిమర్ల దగ్గర

మా వీధిలో పదకొండు ఇళ్లకు ఒకటే నుయ్యి. గత వారం గెడ్డ పొంగి వీధి నీరంతా గట్టు మీదుగా అందులోకి దిగింది. నీరు ఇంకా మట్టి రంగులోనే ఉంది, ఇద్దరు పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. కొందరు గుప్పెడు బ్లీచింగ్ చల్లమంటున్నారు, కొందరు పటిక తిప్పితే చాలంటున్నారు, మా అమ్మ రాగి బిందెలో ఉంచితే ఏ దోషమూ ఉండదంటోంది. నూతికి ఇరవై అడుగుల దూరంలో పక్కింటివారి మరుగుదొడ్డి గుంత ఉంది. సరైన పద్ధతి తెలిసినవారు దయచేసి వివరించగలరు.

విశ్రాంత ఆరోగ్య కార్యకర్త, బొబ్బిలి

నుయ్యి బాగయ్యేవరకు నీటిని బాగా మరగకాచి తాగండి. గుప్పెడు అన్న కొలతను నమ్మవద్దు. నూతి వ్యాసాన్ని మీటర్లలో కొలిచి, ఆ అంకెను దానితోనే గుణించి, ఆపై నీటి లోతుతోనూ 785తోనూ గుణిస్తే ఎన్ని లీటర్లున్నాయో తెలుస్తుంది. రెండు మీటర్ల వ్యాసం, మూడు మీటర్ల నీరు ఉంటే సుమారు 9,400 లీటర్లు. 1,000 లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున 24 గ్రాముల మంచి బ్లీచింగ్ పొడి పడుతుంది.

అయితే ఇది తేట నీటి లెక్క. బురద క్లోరిన్‌ను తినేస్తుంది కనుక ముందు ఆ నీటిని తోడించి, కొత్త ఊట తేరిన తర్వాతే కలపాలి. పొడిని నేరుగా చల్లకుండా బకెట్‌లో ముద్దగా చేసి, నీరు పోసి కలియబెట్టి, పొడిలోని సున్నం అడుగుకు దిగాక పై తేటను మరో బకెట్‌లోకి వంచి, దానిని నూతిలోకి దించి పైకీ కిందికీ ఆడించాలి. రాత్రి అందరూ తోడుకున్నాక ఈ పని చేయడం మేలు. గంట గడిచాక పరీక్షిస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, లేదంటే మోతాదు చాలలేదన్నమాట. చెమ్మకు గట్టిపడిన పాత పొడి తెచ్చి, వేశామన్న తృప్తితో ఊరుకున్నవారిని నేను చాలామందిని చూశాను.

పటిక మట్టిని దించుతుందే గాని క్రిములను చంపదు. రాగికి ఆ గుణం కొంత ఉన్నమాట నిజమే, కానీ మురుగు కలిసిన నీటికి దానిని నమ్ముకోవద్దని అమ్మగారికి చెప్పండి.

గుర్ల వైపు వాడిని

అసలు చిక్కు ఆ గుంతదే. నూతికీ గుంతకూ మధ్య కనీసం యాభై అడుగులు ఉండాలంటారు. దానిని కదపకుండా ఎన్ని రాత్రులు బ్లీచింగ్ వేసినా మీ ఖర్చే మిగులుతుంది. 2024 అక్టోబరులో మా వైపు అతిసారం ప్రబలినప్పటి నుంచి కుళాయి నీటినీ అనుమానంగానే చూస్తున్నాను. పైపు మురుగు కాలువలోంచి వెళ్తుంటే, సరఫరా ఆగినప్పుడు పగుళ్ల గుండా ఆ మురుగు లోపలికి చేరుతుంది.

కవిటి కొబ్బరితోట

ఒక్క మాట. బ్లీచింగ్ గానీ కాచడం గానీ క్రిములకే పనికివస్తాయి. ఫ్లోరైడ్, నైట్రేట్ వంటివి ఎంత కాచినా పోవు. మా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు చూసినవాళ్లం గనుక చెబుతున్నాను, నీటి నమూనాను ప్రయోగశాలకు కూడా పంపండి.

చంపావతి ఒడ్డు

అందరికీ కృతజ్ఞతలు. మోటారు పెట్టి నిన్న బురద తోడించాము. కొలిస్తే వ్యాసం రెండు మీటర్ల కంటే కొంచెం ఎక్కువే ఉంది. గుంత సంగతి పక్కింటి బాబాయితో మాట్లాడవలసి ఉంది. బ్లీచింగ్ వాసనకు అమ్మ ఇంకా ముక్కు మూసుకుంటోంది.