నాయనమ్మ గద్వాల చీర కోసి రుద్రమదేవి వేషం కుట్టొచ్చా? మీరేమంటరు?

నల్గొండ_సూది:
అందరికీ నమస్తే. నాది నల్గొండ, ఇద్దరు పిల్లలు. పొద్దంత వంట, టిఫిన్ బాక్సులు, స్కూలు, బట్టలు ఇదే సరిపోతది, రాత్రి పిల్లలు పండుకున్నంక మిషన్ ముందట కూసుంట. పాతకాలం వేషాలు కుట్టుడంటె నాకు పానం. మా బాబుకు నిజాం కాలం షేర్వాని కుట్టిన, గుండీలకు కాజాలు అన్నీ చేతితోనే ఏసిన. ఇప్పుడు బిడ్డ స్కూల్ల ఫంక్షన్ ఉన్నది, రాణీ రుద్రమ వేషం, దాంతోపాటే నాక్కూడ ఒకటి చేసుకుందామని ఉన్నది.

సంగతేందంటె మా నాయనమ్మ గద్వాల చీర ఒకటి నా దగ్గర ఉన్నది, ఒడలు నూలు, అంచులు కొంగు పట్టు. నూలు రెండు మూడు చోట్ల చినిగింది, అంచు మాత్రం జరీతో సహా గట్టిగున్నది. ఆ అంచు కోసి నడుముకు పట్టీ, చేతులకు, మెడకు వేస్తె ఎంత మంచిగుంటదో కండ్లముందే కనవడుతున్నది. మా మేనత్తకు చెప్తె ఆమె మొఖం మారింది, "మా అమ్మ కట్టిన చీరకు కత్తెర పెడతవా" అన్నది. మా ఆయన ఏమో ఎందుకు లొల్లి, కిరాయికి డ్రెస్సు తెద్దాం అంటుండు. కిరాయి డ్రెస్సు అంటె మెరిసే పాలిస్టర్ శాటిన్, పాలిస్టర్ పుట్టిందే 1941ల, దాన్ని తీస్కపోయి 13వ శతాబ్దం రాణికి తొడుగుడు నాకు మనసొప్పుతలేదు. మీరైతె ఏం చేస్తరు?

గద్వాల_మగ్గం:
అక్కా, మాది మగ్గం ఇల్లు, అందుకే నేరుగ చెప్తున్న, కోయొద్దు. మీ నాయనమ్మ చీర అంచు విడిగ నేసి తర్వాత కుట్టింది కాదు. నూలు పడుగు, అంటె నిలువు పోగులు, వేరే, అంచు పట్టు పడుగు వేరే, ఒక్కొక్క పేక పోగు, అంటె అడ్డం పోగు, వచ్చి అంచు పోగును పట్టుకొని మలుగుతది, రెండు దిక్కుల అంచు ఉంటె పేక పోగును అటిటు తీస్కపోయే నాడెలు మూడు ఆడాలె, ఒక్క మనిషితోని అయ్యేది కాదు, పక్కన ఇంకో చేయి కావాలె. దాన్నే కుట్టు అంచు అంటం. ఆ జోడు దగ్గర కత్తెర పెట్టినవంటె నాలుగు రోజులల్ల పోగులు ఊడుతయి. ఇయ్యాల మార్కెట్ల గద్వాల అని అమ్మే దాంట్ల అన్నీ ఆ తీరుగ నేసినవి కావు, కాబట్టి నీ సందుగల ఉన్నది ఒక చీర ఒక్కటే అనుకోకు, ఎట్ల నేసిన్రో చూపించే ఆనవాలు అది.

పాలమూరు_టైలర్:
నేను మహబూబ్‌నగర్‌ల టైలర్ షాప్ నడుపుత. అన్నా, మీ మగ్గం మీద నాకు గౌరవం ఉన్నది కానీ ఈ మాట ఒప్పుకోను. మన ఇండ్లల్ల చీర ఎన్నడన్న ఒక్క చీరగనే ఉండి చచ్చిందా? కట్టి కట్టి పాతగైతె ఆడపిల్లకు లంగా అయితది, అంచు రైకకు పోతది, నడిమిట్ల గుడ్డ చంటిపిల్లకు ఉయ్యాల అయితది, ఆఖరికి నాలుగు పాత చీరలు కలిపి బొంత కుడ్తరు. మా షాపుకు ఇప్పటికీ ముసలమ్మలు పాత చీరల అంచులు పట్టుకొని వస్తరు, మనవరాలికి లంగా కుట్టమని. వాళ్లకు చీర మీద ప్రేమ లేకనా? సందుగల పెట్టి ఏడాదికోసారి తీసి చూసుకుంట ఉంటె పట్టు మడతల కాడ పటుక్కున చీరుకుపోతది, అప్పుడు అంచూ ఉండది చీరా ఉండది. బిడ్డ ఒంటి మీదికి వస్తె ఇంకో తరం చూస్తది.

కోసుడు తెలిసి కోయాలె, అంతే. అంచు జోడు మీద కాదు, నూలు దిక్కు ఒక అంగుళం ఇడిచి కోయాలె, ఆ అంగుళం లోపలికి మడిచి సన్న సూదితో తురుపు పని చేస్తె జోడు కదలది.

పానగల్లు_గుడి_దారి:
మీ ఇద్దరి మాటలు చదివిన. నాది వేరే ప్రశ్న, అసలు కత్తెర ఎందుకు?

నల్గొండ అక్కా, నీ ఇంటికి దగ్గర్లనే పానగల్లు ఉన్నది, పచ్చల సోమేశ్వర గుడి కాడికి ఒక ఆదివారం పిల్లల్ని తీస్కపోయి స్తంభాల మీది బొమ్మలు మెల్లగ చూడు, పక్కనే మ్యూజియం కూడ ఉన్నది. ఆ గుళ్లు కందూరు చోళులవి, రుద్రమ కంటె ముందటివి. సూర్యాపేట దిక్కు పోతె పిల్లలమర్రి ఎరకేశ్వర గుడి 1208 నాటిది, రుద్రమ ఏలిన 1262 నుంచి 1289కి ఇంకా దగ్గర. ఆ బొమ్మల మీద ఏం కనవడతది? నడుముకు చుట్టిన గుడ్డ, రెండు కాళ్ల నడుమ జారిన కుచ్చిళ్లు, నడుముకు పట్టీలు, కిందికి వేలాడే కొసలు, మిగతాదంత నగలు. ఎక్కువ భాగం కట్టుడే, కుట్టుడు కాదు. అప్పటి మన దిక్కు బట్ట ఎంత సన్నగ ఉండేదంటె మార్కోపోలో కాకతీయుల రేవు మోటుపల్లి ఉన్న రాజ్యం గురించి రాసినప్పుడు సాలెగూడు లెక్క ఉన్నదన్నడు, ఆ రాజ్యం ఏలింది రాణి అని కూడ ఆయనే చెప్పిండు. అంత సన్న బట్టకు అందమంత కుచ్చిళ్లల్లనే ఉంటది, కత్తిరించి ప్యానెళ్లు అతికితె ఆ పడుడు రాదు.

ఇంకోమాట, రుద్రమ ఎప్పుడు చనిపోయిందో మనకు చెప్పింది నల్గొండ జిల్లా శాసనమే, నకిరేకల్ దగ్గర చందుపట్లల ఉన్నది, 1289 నవంబర్ నాటిది. మన జిల్లాల కూసొని ఆమె వేషం కుడుతున్నం కాబట్టి కొంచెం ఎక్కువ శ్రద్ధ పెట్టుడు బాధ్యతనే అనుకుంట.

వనపర్తి_చదువు:
పానగల్లు అన్నా, గుడి బొమ్మను ఫొటో లెక్క చదవొద్దు. శిల్పికి ఒక పద్ధతి ఉంటది, దేవతలు నాట్యకత్తెలు ఎట్లుండాలెనో అట్ల చెక్కుతడు, యుద్ధానికి పోయేటామె పొద్దున లేచి ఏం వేసుకుందో చెప్పడు. మన దేశంల కుట్టిన బట్టలు లేవని కాదు, అజంతా చిత్రాలల్ల కుట్టిన అంగీలు ఉన్నయి, అవి 5వ శతాబ్దం నాటివి. రుద్రమను శాసనాలల్ల రుద్రదేవ మహారాజు అన్నరు, మగరాజు తీరుగ కొలువు తీరింది, కాబట్టి ఆమె నాట్యకత్తె లెక్క ముస్తాబై ఉంటదని నేను నమ్మ. స్కూల్ ఫంక్షన్లల్ల అందరు తొడిగే పొడుగు టోపీ, బిగుతు చొక్కా కూడ ఆమె కాలానివి కావు, అవి 16వ శతాబ్దం లేపాక్షి బొమ్మలల్ల కనవడేటివి, విజయనగరం కాలం. నడిమిట్ల 200 ఏండ్లకు పైగ తేడా ఉన్నది, ఇది చాలమంది కలిపేస్తరు.

ఇగ బొమ్మలల్ల పైన రైక ఉండదు, ఉంటె ఒక పట్టీ. స్కూలు పాపకు అది కుదరదు కదా. అంటె రైక కుట్టుడు తప్పదు, కుడితె కత్తెర తప్పదు. ఆ కత్తెర కొత్త గుడ్డ మీద పెట్టు.

సూర్యాపేట_అమ్మ:
నాకు చరిత్ర అంత తెల్వదు, నేను ఇల్లు గురించి చెప్త. చెల్లె, ఆ చీర నీకు ఇచ్చిన్రు అంటె నీదే, కానీ మీ మేనత్తకు అది వాళ్ల అమ్మ. నీకు నాయనమ్మ, ఆమెకు అమ్మ, తేడా ఉన్నది. ఆమె బతికుండంగ ఆమె కండ్లముందట కోస్తె పండుగకు వచ్చినప్పుడల్లా నీ బిడ్డ ఒంటి మీద ఆ పట్టీ చూసి ఏమనుకుంటది. గుడ్డ మళ్ల దొరుకుతది, మేనత్త మనసు ఒక్కసారి విరిగితె మళ్ల అతకాలంటె ఎన్ని పెండ్లిళ్లు పేరంటాలు కావాల్నో. పైగ ఏడెనిమిదేండ్ల పిల్ల, స్టేజ్ మీద ఒక్క పది నిమిషాలు, కింద కూసుంటది, సాంబార్ తింటది, చేతులు తుడుస్తది. దానికి గద్వాల జరీ అవసరమా? నేను గూడ కుట్టేదాన్నే, రాత్రిపూట కుట్టే మనం నిద్ర కండ్లతోని కోయరాని గుడ్డ మీద కత్తెర పెట్టకూడదు, అదొక్కటి గట్టిగ చెప్త.

నల్గొండ_సూది:
అందరికీ మస్తు థాంక్స్, ఇంత మంది ఇంత రాస్తరని అనుకోలే. సూర్యాపేట అక్కా, మేనత్త గురించి నువ్వు చెప్పింది నాకు గుచ్చుకున్నది, నిజమే. కానీ టైలర్ అన్న మాట కూడ పక్కకు పెట్టబుద్ధి అయితలేదు, మా నాయనమ్మే తన పాత చీరలు చింపి మాకు బొంతలు కుట్టింది, ఆమె ఉంటె కోయమనే అంటుండె అని నా మనసు చెప్తున్నది. చీర అట్లనే మురిగిపోవుడు నాకు ఇష్టం లేదు, డాంబర్ గోలీలు వేసి ప్లాస్టిక్ కవర్ల పెట్టి ఉంచిన్రు ఇన్ని రోజులు, నేను తీసినప్పుడు జరీ ఒక దిక్కు నల్లబడ్డది.

గద్వాల_మగ్గం:
అక్కా ముందు ఆ ప్లాస్టిక్ కవర్ తీసి పారెయ్, ఇయ్యాలనే. చెమ్మ లోపలనే ఉండిపోతది. పాత మెత్తటి నూలు గుడ్డల, ఉతికి గంజి లేకుండ ఆరబెట్టిందాంట్ల చుట్టు, గోలీలు జరీకి తగలనియ్యకు, యాపాకు గుడ్డ మూటగట్టి పక్కకు పెట్టు. మూడు నెలలకోసారి మడత మార్చు, అదే గీత మీద మళ్ల మళ్ల మడిస్తె అక్కడనే తెగుతది.

టైలర్ అన్నకు ఒక మాట. బొంత కుట్టిన కాలంల మళ్ల గద్వాల చీర కావాలంటె నేసేటోళ్లు ఇంటి పక్కన ఉండిరి. ఇయ్యాల మా వాడకట్టుల మగ్గం గుంటలు పూడ్చి గదులు కట్టుకున్నోళ్లు ఉన్నరు. అప్పటి అలవాటు ఇప్పటికి లెక్క కట్టకుండ్రి. ఇంకోటి, రుద్రమ కాలానికి ఈ అంచుకు ఏ సంబంధం లేదు. 1856ల మొదటి కెమికల్ రంగు తయారైంది, మీ నాయనమ్మ చీర రంగులు దాదాపు ఆ తీరుయే అయి ఉంటయి, నూలేమో మిల్లుదే కావొచ్చు. అంటె పాలిస్టర్ ఎందుకు వద్దంటున్నవో అదే లెక్కన చూస్తె ఈ అంచు కూడ 13వ శతాబ్దం కాదు. అసలైన వేషం కోసమని ఒక అసలైన చీరను పాడు చేస్తె రెండూ దక్కవు.

పాలమూరు_టైలర్:
ఈ ఆఖరి మాట మాత్రం బరాబర్ ఉన్నది అన్నా, ఒప్పుకుంట. చరిత్ర కోసమైతె ఈ అంచు అక్కర్లేదు. కానీ ఇంటి గుర్తు కోసమైతె? నాయనమ్మ అంచు మనవరాలి బిడ్డ నడుముకు ఉండాలన్న ఆశ, అది తప్పని నేను అనను. అయితె ఆ ముచ్చట రుద్రమ వేషం పేరు మీద కాకుండ పాప లంగా పేరు మీద తీరాలె, అదీ మేనత్తను పక్కన కూసోబెట్టుకొని.

వేషం సంగతి చెప్త విను. పాపకు మూడు మీటర్ల మల్మల్ గుడ్డ తీసుకో, రంగు లేనిదైతె ఇంకా మంచిది, పుట్టపాక కోయలగూడెం దిక్కు నేత నూలు దొరుకుతది, అది కొంచెం దళసరి ఉంటది, పడుడు తేడా ఉంటది చూసుకో. ముందు కుచ్చిళ్లు చేతితోనే పెట్టు, మడత మడతకు కచ్చా కుట్టు వేసుకో, తర్వాత నడుము కాడ ఒక పట్టీకి మొత్తం కుట్టు. పట్టీల నాడా కాదు ఎలాస్టిక్ వెయ్యి, పైన ఇంకో పట్టీ వస్తది కాబట్టి కనవడది. చూసేటోళ్లకు కట్టినట్టే ఉంటది, పిల్ల ఉరికినా జారది. పైన రైకకు అస్తర్ ఖచ్చితంగ వెయ్యి, నగల కొక్కేలు మెత్తటి గుడ్డను పీకుతయి.

పానగల్లు_గుడి_దారి:
మంచిగ చెప్పిన్రు. నాకు ఎలాస్టిక్ మీద అభ్యంతరం ఉన్నది గానీ పాపకు కాబట్టి ఊకుంట, పెద్దోళ్లు కట్టుకునేదాంట్ల మాత్రం వద్దు అక్కా. నీ వేషానికి గోచి కట్టు నేర్చుకో, మన ఊర్లల్ల నాట్లేసే ముసలమ్మలకు ఇప్పటికీ వస్తది, ఒక్క కుట్టు లేకుండ పొద్దుమూకినదాక నిలుస్తది.

నల్గొండ_సూది:
మా మేనత్తకే వస్తది గోచి కట్టు! తుంగతుర్తి దిక్కు ఇచ్చిన్రు ఆమెను, మొన్నమొన్నటి దాక కట్టింది. ఆమెనే అడుగుత.

నేనైతె గిట్ల అనుకుంటున్న. రెండు వేషాలకు కొత్త నూలు గుడ్డనే, చీర ముట్టను. చినిగిన కాడ వెనుక సన్న మల్మల్ పెట్టి చేతి కుట్టు వేస్త, ఇంక చినగకుండ. అంచు పాప లంగాకు కావాల్నా వద్దా అన్నది మేనత్త చెప్పినట్టే, ఆమె సై అంటేనే టైలర్ అన్న చెప్పిన తీరుగ అంగుళం ఇడిచి కోస్త. నడుము పట్టీకి ఏం వాడాల్నో అదొక్కటే తేలలే, జరీ లేకుండ రాణి అంటె పిల్ల ఒప్పుకోదు.

గద్వాల_మగ్గం:
మేనత్త సై అన్నా నేను వద్దనే అంట అక్కా, ఆ మాట మార్చను. నడుము పట్టీ గురించైతె ఫికర్ చేయకు, మగ్గం దింపినప్పుడు మిగిలిన అంచు ముక్కలు మా దిక్కు నేతగాళ్ల దగ్గర ఉంటయి, మూర రెండు మూరలు. చీర కోయకుండ వచ్చే అంచు అది. గద్వాలకు వచ్చినప్పుడు కోట దగ్గర దుకాణాలల్ల కాకుండ నేసేటోళ్ల ఇండ్లల్లనే అడుగు, పాప నడుము కొలత కంటె ఒక జానెడు ఎక్కువ తీసుకో, ముడి వెయ్యాలె కదా.