సమస్య: "చేప వలను కోరి చేరవచ్చె"

ఛందస్సు ఆటవెలది. విషయం: ఇంగ్లండులో కెంట్ ప్రాంతపు పెన్స్‌హర్స్ట్ భవనం, అక్కడి సిడ్నీ దొరలు. 1616లో అచ్చయిన ఆంగ్ల కవి బెన్ జాన్సన్ ప్రశంసాపద్యంలో, మెడ్వే నదిలో చేపలు పడకపోయినా వంటింటికి లోటుండదు. చెరువుల్లోని కార్పు చేపలు తామే వలలోకి ఉరుకుతాయి. పాదం అక్కడిదే.

ఒక మాస్టారి పూరణ:

గోడ కట్టు నాడు కూలీల కన్నీటి
చుక్క రాలలేదు, చోద్యమేమి?
సిడ్ని దొరల యింట సిరి పంచుకొను వేళ
చేప వలను కోరి చేరవచ్చె.

విమర్శ: పూరణ బాగుంది, అభినందనలు. ఎవరి ఉసురూ పోసుకోకుండా లేచిన గోడలని మూలంలోనూ ఉంది. గో–కూ యతి చక్కగా కుదిరింది. అయితే ఆ ఇంటి దొర రాబర్ట్ సిడ్నీకి అప్పుల బాధ తక్కువేం కాదు. "సిరి" అన్నది కవి చూపించిన సిరే!

ఒక సోదరి పూరణ:

రాజు వేటనుండి రాత్రివేళకు వచ్చె;
లేదు సాని; గదులు లెస్స వెలిగె;
వెండి పళ్ళెరములు విందుకై మెరసెను;
చేప వలను కోరి చేరవచ్చె.

విమర్శ: మంచి ఘట్టం పట్టుకున్నారమ్మా. జేమ్స్ రాజు, యువరాజు హెన్రీ చెప్పాపెట్టకుండా దిగారు. ఇల్లాలు బార్బరా గేమిజ్ ఊళ్ళో లేదు. అయినా దుప్పట్లు, వెండి సామాను, ప్రతి గదీ అతిథి కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉన్నాయట. హెన్రీ 1612లోనే పోయాడు కనుక ఈ రాక అంతకు ముందుదే. కానీ "దొరసాని" సరే, ఒట్టి "సాని" అంటే కొంప మునుగుతుంది. "లేదు తల్లి" అనండి, గణం చెడదు.

మరో మిత్రుడు పాలరాతి స్తంభాలు, బంగారు కప్పు వర్ణించారు. పద్యం లక్షణంగా ఉంది కానీ ఇల్లు మారిపోయింది. అవేవీ పెన్స్‌హర్స్ట్‌లో లేవనే జాన్సన్ మొదలుపెడతాడు. రాబర్ట్ అన్న, కవి ఫిలిప్ సిడ్నీ 1554లో పుట్టినప్పుడు నాటారని చెప్పే చెట్టును వర్ణించి ఉంటే సరిపోయేది.

చివరగా వచ్చిన పూరణ:

వలను లాగు వాని వదిలి పాడెను కవి
రొట్టె యొకటె యనుచు రుచులు మెచ్చి;
పెన్సుహర్స్టు కీర్తి పెంచు పద్యములోన
చేప వలను కోరి చేరవచ్చె.

విమర్శ: దొర తినే రొట్టె, తాగే బీరే అతిథికీ పెడతారని కవి మురిసిపోయిన మాట నిజం. చేప తానే వస్తే బెస్తవాడితో పనేముంది? సమస్యలోని అసంగతాన్ని సమర్థించకుండా కవి నెత్తినే వేశారు. ఈసారి నా ఓటు దీనికే. "రుచులు మెచ్చి" మాత్రం కాస్త పాదపూరణలా ఉంది, మరోసారి చూడండి.